నావికుని కాలరుకు అంటగట్టిన సైన్యం

మాంగా అనే జపాన్ బొమ్మల కథలు, వాటి ఆధారంగా తయారయ్యే అనిమే అనే యానిమేషన్ చిత్రాలు ప్రపంచమంతటా వ్యాపించిన గత కొన్ని దశాబ్దాలలో, వాటిలోని బాలికలు ధరించే పాఠశాల దుస్తులను గురించి ఒక అభిప్రాయం దాదాపు సిద్ధాంతంగా స్థిరపడిపోయింది. వీపు మీద చతురస్రంగా జారి మెడ కింద కోణంగా కలిసే వెడల్పాటి కాలరు, దాని అంచున సన్నని చారలు, ముందు ముడివేసిన రుమాలు, కింద మడతల స్కర్టు కలిసిన ఆ దుస్తును జపాన్ భాషలో సేరాఫుకు, అనగా నావికుని దుస్తు అంటారు. పేరులోనే నావికుడు ఉన్నందువల్ల ఇది నౌకాదళం నుండి తెచ్చి ఆడపిల్లలకు తొడిగిన సైనిక వేషమని, బాలురను సైనికులుగాను, బాలికలను ఆ సైనికులను కనిపెంచే విధేయులుగాను మలచడానికి రాజ్యం వాడిన పనిముట్టని, నేటి బొమ్మల కథలు ఆ విధేయతకే రంగులద్ది అమ్ముతున్నాయని ఆ అభిప్రాయం చెబుతుంది. వినడానికి ఇది పదునైన విమర్శలా ఉంటుంది గాని, చరిత్రతో సరిపోల్చి చూసినప్పుడు నిలవదు. అంతకంటె పెద్ద దోషం ఏమిటంటే, తమ దుస్తులను ఎంచుకోవడంలోను, కుట్టుకోవడంలోను, మార్చుకోవడంలోను మూడు నాలుగు తరాల బాలికలు చేసిన పనినంతా అది లెక్కలోకి రాకుండా చేస్తుంది.

ఈ అభిప్రాయానికి పండితుల అండ లేకపోలేదు. బ్రయాన్ మెక్‌వే 2000లో ప్రచురించిన 'వేరింగ్ ఐడియాలజీ' అనే గ్రంథం జపాన్‌లో ఏకరూప దుస్తులను రాజ్యం తన భావజాలాన్ని పౌరుల శరీరాల మీదికి చేర్చే మార్గంగా వ్యాఖ్యానించింది. ఆ గ్రంథం ప్రతిఘటనను కూడా గుర్తించింది గాని, దాని పేరు చెప్పుకొని రాసే వ్యాసాలలో ఆ రెండో సగం మాయమై, యూనిఫారం అంటే రాజ్యమనే సమీకరణం ఒక్కటే మిగిలింది. బాలుర దుస్తుల విషయంలో ఆ సమీకరణానికి గట్టి ఆధారమే ఉంది. మెడను నిటారుగా చుట్టే కాలరుతో నల్లగా ఉండే బాలుర కోటును గకురాన్ అంటారు. రాజవంశీకుల, సంపన్నుల బిడ్డలు చదివిన గకుషూయిన్ పాఠశాల 1879లో నౌకాదళ అధికారుల కోటును పోలిన దుస్తును ప్రవేశపెట్టగా, టోక్యోలోని ఇంపీరియల్ విశ్వవిద్యాలయం 1886లో నిలువు కాలరు కోటును తన విద్యార్థులకు నిర్ణయించింది. పాఠశాలల్లోకి సైనిక కవాతును తెచ్చిన విద్యామంత్రి మోరి అరినోరి కాలం అదే కావడం యాదృచ్ఛికం కాదు. గకురాన్ అధికారి దుస్తు, అది పైనుండి దిగింది, దానికి సైన్యంతో ఉన్న బంధుత్వాన్ని ఎవరూ కాదనలేరు.

అయితే ఈ చరిత్రను తీసుకొచ్చి, అదే కాలంలో అదే రాజ్యం బాలికలకు నావికుని చొక్కా తొడిగిందని చెప్పడం దగ్గర పొరపాటు మొదలవుతుంది. గకురాన్ వచ్చిన తరవాత సుమారు నలభై సంవత్సరాల వరకు జపాన్ బాలికల పాఠశాలల్లో సేరాఫుకు యూనిఫారంగా లేనే లేదు. పాశ్చాత్య మర్యాదల మోజు ఎక్కువగా ఉన్న 1880లలో కొన్ని సంస్థలు బాలికలకు పాశ్చాత్య గౌనులను ప్రయత్నించి, ఖర్చుకు, అసౌకర్యానికి, పెరుగుతున్న స్వదేశీ భావనకు తలవంచి మళ్ళీ కిమోనోకు మారాయి. కిమోనో మీద నడుము నుండి పాదాల దాకా మడతలతో దిగే హకామా అనే వస్త్రాన్ని కట్టుకునే పద్ధతిని షిమోదా ఉతాకో వంటి విద్యావేత్తలు ప్రోత్సహించగా, 20వ శతాబ్దం మొదలయ్యే నాటికి ముదురు ఎరుపు గోధుమరంగు హకామా విద్యార్థినికి గుర్తుగా మారింది. గకురాన్ పుట్టిన మెయిజీ చక్రవర్తి కాలం 1912లో ముగిసింది. కాబట్టి సేరాఫుకును మెయిజీ రాజ్యం సృష్టించిందనే మాట, తెలిసిన తేదీలను పక్కపక్కన పెట్టి చూసుకోకుండా రాసినవారు ఒకరి నుండి ఒకరు ఎత్తి రాసుకుంటూ వస్తున్న మాట.

నావికుని కాలరు సముద్రం దిగి పిల్లల ఒంటి మీదికి వచ్చిన దారి కూడా సైనిక శిబిరాల గుండా సాగలేదు. 1846లో విక్టోరియా రాణి కుమారుడు ఆల్బర్ట్ ఎడ్వర్డ్‌కు, రాజకుటుంబపు ఓడలోని నావికుల దుస్తు నమూనాలో చిన్న జత కుట్టించి వేశారు. ఐదేళ్ళు కూడా నిండని ఆ బాలుని అదే దుస్తులో వింటర్‌హాల్టర్ చిత్రించిన బొమ్మ ప్రసిద్ధికెక్కిన తరవాత, బ్రిటన్‌లోను, ఐరోపా అంతటా, క్రమంగా అమెరికాలోను మధ్యతరగతి కుటుంబాలు కొడుకులకే గాక కూతుళ్ళకు కూడా ఆ నమూనా దుస్తులు కుట్టించసాగాయి. వదులుగా ఉండి, గుండీలు తక్కువగా ఉండి, చేతులు కాళ్ళు ఆడించడానికి అడ్డురానందువల్ల అది పిల్లల ఆటల దుస్తుగా, ఆ పైన స్త్రీల వ్యాయామ దుస్తుగా స్థిరపడింది. కాలరు మీది మూడు చారలు బ్రిటిష్ నౌకాసేనాధిపతి నెల్సన్ సాధించిన మూడు విజయాలకు గుర్తులని చెప్పే కథ ఇప్పటికీ వినిపిస్తుంది. దానికి చారిత్రక ఆధారం లేదు, కాని ఇంత సాదాసీదా వస్త్రానికి యుద్ధాన్ని జోడించాలనే కోరిక ఎంత పాతదో ఆ కథ చూపిస్తుంది.

జపాన్ బాలికల విద్యలోకి ఈ నమూనా వ్యాయామశాల ద్వారా వచ్చింది. ప్రభుత్వం పంపగా అమెరికాలో శారీరక విద్య నేర్చుకుని 1903లో తిరిగి వచ్చిన ఇనొకుచి అకురి, స్వీడన్ పద్ధతి వ్యాయామాలను బోధిస్తూ, కిమోనో చేతులతోను, బిగుతుగా చుట్టిన నడికట్టుతోను ఆడపిల్ల ఊపిరి కూడా సరిగా తీసుకోలేదని గ్రహించి, నావికుని కాలరున్న పైచొక్కాను, మోకాళ్ళ వద్ద కుదించిన వదులు లాగును వ్యాయామ దుస్తుగా ప్రచారం చేసింది. ఈ ఘట్టం ప్రచారంలో ఉన్న అభిప్రాయానికి సూటిగా ఎదురు నిలుస్తుంది. ఆ కాలరు జపాన్ బాలిక మెడను చేరిన మొదటి సందర్భం ఆమెను వరుసలో నిలబెట్టడానికి గాక, పరుగెత్తడానికి వీలు కల్పించడానికి ఏర్పడింది.

యూనిఫారంగా దాని చరిత్ర 1920 దగ్గర మొదలవుతుంది. టోక్యోలోని యమవాకి బాలికల పాఠశాల 1919లో పాశ్చాత్య గౌనును ప్రవేశపెట్టగా, క్యోటోలోని హెయాన్ జోగకుయిన్ 1920లో నావికుని కాలరున్న ఒకేముక్క గౌనును ఎంచుకుంది. చొక్కా, స్కర్టు వేరువేరుగా ఉండే నేటి రూపం నగోయాలోని కింజో బాలికల పాఠశాలలోను, అమెరికా మిషనరీ ఎలిజబెత్ లీ ప్రధానోపాధ్యాయినిగా ఉన్న ఫుకుఓకా బాలికల పాఠశాలలోను 1921లో కనిపిస్తుంది. ఎవరు ముందనే వివాదం ఆయా సంస్థల అభిమానానికి సంబంధించినది కాబట్టి దానిని పక్కన పెట్టవచ్చు. గమనించవలసింది ఆ సంస్థల స్వభావాన్ని. హెయాన్, కింజో, ఫుకుఓకా మూడూ క్రైస్తవ మిషన్లు స్థాపించిన ప్రైవేటు పాఠశాలలు, సైన్యంతోను నౌకాదళంతోను వాటికి పనిలేదు. ఆ తరవాతి పదేళ్ళలో ప్రభుత్వ బాలికోన్నత పాఠశాలలు కూడా ఈ రూపానికి మారిన మాట నిజమే, కాని వాటిని అలా మారమని ఆదేశించిన జాతీయ ఉత్తర్వు ఏదీ ఆ కాలంలో లేదు. ఏ పాఠశాలకు ఆ పాఠశాల, తరచుగా విద్యార్థినుల, తల్లిదండ్రుల కోరికను బట్టి నిర్ణయించుకుంది. జోగకుసేయి అని పిలిచే బాలికోన్నత విద్యార్థిని హోదాకు గుర్తుగా ఆ కాలరును బాలికలే కోరుకున్న తీరును ఒసకాబె యోషినోరి 2021లో ప్రచురించిన సేరాఫుకు పుట్టుక చరిత్రలో పాఠశాలల రికార్డుల ఆధారంగా విస్తారంగా చూపించాడు.

ఈ వ్యాప్తికి వెనుక ఒక ఇంటిపని కారణం కూడా ఉంది, దీనిని విమర్శకులు దాదాపు ఎన్నడూ ప్రస్తావించరు. కోటును కుట్టాలంటే భుజాల వద్ద లోపలి అస్తరు, బిగింపు, పురుషుల దుస్తులు కుట్టడంలో చేయి తిరిగిన దర్జీ కావాలి. నావికుని చొక్కాకు అవేమీ అక్కరలేదు. వదులుగా తలమీదుగా తొడుక్కునే ఆ చొక్కాను, తిన్నని మడతల స్కర్టును, కిమోనో కుట్టు నేర్చిన ఏ బాలికైనా కుట్టగలదు. బాలికల పాఠశాలల్లో కుట్టుపని ప్రధాన పాఠ్యాంశం కాబట్టి అనేక చోట్ల విద్యార్థినులు తమ దుస్తులను తామే కుట్టుకున్నారు. రాజ్యం తొడిగించిన వేషమని నేడు చెప్పుకుంటున్న దానిని ఎందరో బాలికలు తమ సూదితో తామే కుట్టుకున్నారనే సంగతి ఒక్కటి చాలు, ఈ చర్చ ఎంత దూరం దారి తప్పిందో తెలియడానికి. కాలరు కోత ప్రాంతాన్ని బట్టి మారేది, నగోయా ప్రాంతపు కాలరు భుజాలను కప్పేంత పెద్దదిగా ఉంటుంది, కాన్సాయ్ ప్రాంతపు కాలరుకు, కాంటో ప్రాంతపు కాలరుకు వంపులో తేడా ఉంటుంది. కేంద్రం నుండి దిగిన సైనిక దుస్తుకు ఇన్ని ప్రాంతీయ రూపాలు ఉండవు.

ప్రచారంలో ఉన్న అభిప్రాయానికి కోలుకోలేని దెబ్బ 1941 సంవత్సరం. చైనాతో యుద్ధం నాలుగేళ్ళుగా సాగుతూ, దేశంలో ప్రతి వస్తువూ సైన్యం అవసరాలకు లోబడిన ఆ సంవత్సరంలో, విద్యాశాఖ మొట్టమొదటిసారిగా మాధ్యమిక విద్యార్థుల దుస్తులను దేశవ్యాప్తంగా ఒకటిగా నిర్ణయించింది. నిజమైన సైనిక రాజ్యం, నిజమైన జాతీయ ఉత్తర్వుతో, బాలికల దుస్తుపై మాట్లాడిన సందర్భం అది. ఆ ఉత్తర్వు సేరాఫుకును ఎంచుకోలేదు. మెడ చుట్టూ సన్నగా వంపు తిరిగే మరొక కాలరును, దాని ఆకారాన్ని బట్టి హెచిమా, అనగా నేతిబీరకాయ కాలరు అని పిలిచే దానిని ప్రమాణంగా ప్రకటించింది. బట్ట పొదుపు దానికి ఒక కారణం. పాత దుస్తులున్నవారు వాటిని ధరిస్తూ పోయినా, కొత్తగా చేరిన బాలికలకు సేరాఫుకు దక్కలేదు, యుద్ధం ముదిరిన కొద్దీ దాని స్థానంలో మొంపె అనే పొలం పనుల పైజామా వచ్చింది. యుద్ధంలో దేశం ఓడిపోయి, ఆ ఉత్తర్వు చెల్లని కాగితమైన తరవాత, బట్ట దొరకడం మొదలైన వెంటనే ఏ ఆజ్ఞా లేకుండానే పాఠశాలలు మళ్ళీ నావికుని కాలరుకు తిరిగి వెళ్ళాయి. సైనిక పాలన తొలగించిన దుస్తును, ఆ పాలన పోయాక తిరిగి వచ్చిన దుస్తును, సైనిక పాలనకు ప్రతీక అని పిలవడం వాస్తవాన్ని తలకిందులు చేయడమే.

దీనికి ఒక జవాబు వినిపిస్తుంది. 1930లలో, సైనికతత్వం పెరుగుతున్న కాలంలోనే ఈ దుస్తు దేశమంతటా వ్యాపించింది కదా, జపాన్ నౌకాదళం కూడా 1872 నుండి తన నావికులకు ఇదే కాలరు ఇచ్చింది కదా అని. మొదటి వాదం ఒకే కాలంలో జరిగిన రెంటిని కారణకార్యాలుగా పొరబడుతుంది. వ్యాప్తికి ఊపు 1920లలో, ఓటు హక్కు, స్త్రీ విద్య, నగర జీవితం గురించి బహిరంగ చర్చ సాగిన తైషో కాలంలో వచ్చింది, 1930లలో జరిగింది దాని కొనసాగింపే. రెండో వాదం మరొక సంగతిని మరచిపోతుంది. నౌకాదళంలో ఆ కాలరు ఆజ్ఞలిచ్చే అధికారిది కాదు, తాడు లాగే అట్టడుగు నావికునిది, అధికారి ధరించేది నిలువు కాలరు కోటు. బాలుర గకురాన్ అధికారి కోటు నుండి రావడానికి, బాలికల కాలరు ఐరోపా పిల్లల ఆటల దుస్తు నుండి రావడానికి మధ్య ఉన్న దూరమే ఇక్కడి అసలు విషయం. థాయ్‌లాండ్‌లో మాధ్యమిక పాఠశాల మొదటి తరగతుల బాలికలు ఇప్పటికీ నావికుని కాలరున్న తెల్ల చొక్కాలే వేసుకుంటారు, వియన్నా బాలుర గాయక బృందం నావికుని దుస్తులోనే పాడుతుంది, డొనాల్డ్ డక్ బాతు 1934 నుండి అదే చొక్కాలో తిరుగుతోంది. వీటిలో దేనినీ ఎవరూ సైనికతత్వమని తప్పుపట్టరు, ఆ అనుమానం జపాన్ బాలిక ఒక్కతెకే ఎందుకు ప్రత్యేకించబడిందో ఆ అనుమానం ఉన్నవారే చెప్పాలి.

బొమ్మల కథలు, సినిమాలు విధేయతను అమ్ముతున్నాయనే మాటను పరిశీలిస్తే, వాటిని చూడకుండానే తీర్పు చెప్పిన సంగతి బయటపడుతుంది. 1970లలో జపాన్ నగరాలలో సుకెబాన్ అని పేరుపడిన తిరుగుబాటు బాలికలు తమ సేరాఫుకు చొక్కాను నడుము దాకా కత్తిరించి, స్కర్టును చీలమండల దాకా పొడిగించి తిరిగారు. ఆ రూపాన్నే తీసుకుని వాదా షింజి ఒక బాలికల పత్రికలో 'సుకెబాన్ దెకా' అనే మాంగాను నడపగా, 1985లో అది టీవీ నాటకమైంది. అకగావా జిరో 1978లో రాసిన 'సేరాఫుకు తో కికన్‌జూ', అనగా సేరాఫుకు, మరతుపాకి అనే నవల ఆధారంగా సోమాయ్ షింజి 1981లో తీసిన సినిమాలో, తండ్రిని కోల్పోయిన పాఠశాల బాలిక కూలిపోతున్న ఒక చిన్న నేరస్థుల ముఠాకు నాయకురాలవుతుంది. ఈ కథలలో కాలరు ధరించిన బాలిక ఎవరి ఆజ్ఞనూ పాటించదు, పెద్దలు చేతులెత్తేసిన చోట తానే నిర్ణయం తీసుకుంటుంది.

ప్రపంచమంతటికీ ఈ కాలరును తెలిపిన 'సేలర్ మూన్' విషయంలో పొరపాటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తకెఉచి నాఓకో అనే రచయిత్రి చిన్న వయసు బాలికలు చదివే 'నకయోషి' పత్రికలో 1991 చివర ఈ మాంగాను మొదలుపెట్టగా, 1992 మార్చిలో టీవీ శ్రేణి వచ్చింది. బాలికల కోసం ఒక స్త్రీ రాసిన ఈ కథలో సేరాఫుకు యుద్ధకవచంగా మారిన మాట నిజమే గాని, ఆ యుద్ధం చేసేది ఏ దేశపు సైన్యమూ కాదు, చదువులో వెనకబడి ఏడ్చే ఒక బాలిక, ఆమె స్నేహితురాళ్ళు. రచయిత్రి దుస్తులను ఎంత శ్రద్ధగా వాడుకుందో కినో మకోతో అనే పాత్రలో చూడవచ్చు. వేరే బడి నుండి వచ్చిన ఈ పొడగరి బాలిక, కొత్త బడిలో తనకు సరిపోయే కొలత దొరకక, పాత బడి పొడుగు స్కర్టుతోనే తిరుగుతుంది, చుట్టూ ఉన్నవారు ఆమెను రౌడీ పిల్ల అనుకుని భయపడతారు, ఆమె మాత్రం వంటలోను మొక్కల పెంపకంలోను ప్రేమ ఉన్న ఒంటరి బాలిక. దుస్తును చూసి మనిషిని అంచనా వేసే అలవాటు ఎంత అన్యాయమో తొమ్మిది పదేళ్ళ పాఠకురాలికి అర్థమయ్యేలా చెప్పిన ఈ కథను, దుస్తును మాత్రమే చూసి అంచనా వేయడం బాధ కలిగించే సంగతి.

ఇటీవలి కాలంలోకి వస్తే, సేరాఫుకు నిజజీవితంలో చాలా చోట్ల తగ్గిపోయింది. 1980ల నుండి పాఠశాలలు బ్లేజరు కోటుకు, గళ్ళ స్కర్టుకు మారసాగాయి, మోరి నొబుయుకి 1985లో టోక్యో బాలికోన్నత పాఠశాలల యూనిఫారాలను బొమ్మలతో వివరించిన పుస్తకం వెలువడ్డాక బాలికలు దుస్తులను చూసి పాఠశాలను ఎంచుకుంటున్నారనే సంగతి అందరికీ తెలిసివచ్చింది. 2022లో అనిమేగా వచ్చిన 'అకెబి చాన్ నో సేరాఫుకు' ఈ స్థితి నుండే పుట్టింది. పాఠశాల బ్లేజరుకు మారిపోయిందని తెలియక తల్లి చేత సేరాఫుకు కుట్టించుకున్న బాలిక, అందరిలో ఒక్కతెగా అదే ధరించడానికి పాఠశాల అనుమతి పొందుతుంది. ఏకరూపతకు చిహ్నమని చెప్పే దుస్తు ఇక్కడ ఏకరూపతకు భిన్నంగా నిలవాలనే ఒక బాలిక ఇష్టానికి చిహ్నమైంది. మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. యూనిఫారం లేని పాఠశాలల విద్యార్థినులు తమంతట తామే యూనిఫారం వంటి దుస్తులు కొనుక్కుని ధరించడాన్ని నన్‌చత్తె సేయిఫుకు, అనగా ఉత్తుత్తి యూనిఫారం అంటారు, వాటిని అమ్మే దుకాణాలే వెలిశాయి. బలవంతం లేని చోట కూడా కోరుకునే దానిని కేవలం బలవంతంతో వివరించడం సాధ్యం కాదు. అన్నట్టు, మన పిల్లలు టీవీలో చూసే డోరేమాన్‌లో నొబితా, షిజుకా మామూలు బట్టలతోనే బడికి వెళ్తారు, ఎందుకంటే జపాన్‌లో అత్యధిక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో యూనిఫారమే ఉండదు. పుట్టిన నాటి నుండి ఏకరూపంలో పెరిగే జాతి అనే ఊహకు ఆ కార్యక్రమమే సమాధానం.

జపాన్ పాఠశాలల్లో అణచివేత లేదని దీని అర్థం కాదు. స్కర్టు పొడుగైందని 1970లలో, పొట్టిదైందని 1990లలో బాలికలను నిలబెట్టి కొలిచిన చేతులు అణచివేసే చేతులే. పుట్టుకతో గోధుమరంగు జుట్టున్న తనను నల్లరంగు వేసుకోమని పదేపదే ఒత్తిడి చేశారని ఒసాకా ప్రాంతీయ ప్రభుత్వ పాఠశాల విద్యార్థిని 2017లో దావా వేయగా, 2021లో జిల్లా న్యాయస్థానం ఆమెకు 3,30,000 యెన్ల పరిహారం ఇప్పించినా, ఆ నిబంధన చట్టవిరుద్ధం కాదన్నది. పాఠశాల బాలికల రూపాన్ని పెద్దల వినోదంగా మార్చి అమ్ముకున్న వ్యాపారం కూడా ఉంది, అది క్షమించరాని తప్పు, దాని బాధ్యత పూర్తిగా అమ్మిన పెద్దలది, కొన్న పెద్దలది. కాని ఈ రెండు తప్పులనూ కాలరు మీదికి నెట్టినప్పుడు, నిబంధన రాసినవాడు, వ్యాపారం చేసినవాడు ఇద్దరూ తప్పించుకుంటారు, దోషం మాత్రం బాలిక ఒంటి మీది బట్టకు అంటుకుంటుంది. బ్లేజరు ఉన్న పాఠశాలల్లో కూడా జుట్టు రంగు నిబంధనలు ఉన్నాయి, అవి కాలరుతో పాటు పోలేదు. చీబా ప్రాంతంలోని కషివా నగరంలో 2018లో తెరిచిన ఒక మాధ్యమిక పాఠశాల, బాలురు బాలికలు అనే తేడా లేకుండా స్కర్టును గాని పాంటును గాని ఎవరికి నచ్చింది వారు ఎంచుకునే పద్ధతి పెట్టింది. నిజమైన సంస్కరణ జరగవలసింది అక్కడ, ఎంచుకునే హక్కు దగ్గర.

జపాన్ జనప్రియ సంస్కృతి గురించి రాసేవారు, తెలుగులో రాసేవారితో సహా, ఇకనైనా గకురాన్‌ను, సేరాఫుకును ఒకే గాటన కట్టడం మానాలి. మొదటిది సైన్యం నుండి వచ్చింది. రెండోదానిని 1941లో సైనిక రాజ్యమే బడి నుండి తీసివేసింది.